బొమ్మగా చూసే పిల్లవాడికి అక్షరాలు: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

బాబుకు గుణింతాలు నోటికి రావడం లేదని, అదే పిల్లవాడు మీ ఊరి కాలువను మాత్రం లాకులతో సహా గీసి చూపిస్తున్నాడని నీవు రాసినది చదివాను. 30 ఏళ్లు చిన్న తరగతులకు చెప్పినదాన్ని కనుక అటువంటి పిల్లలు నాకు కొత్త కాదు. వాళ్లకు వరస కంటే రూపం ముందు పట్టుబడుతుంది. అందుచేత క, కా, కి, కీ అని వల్లె వేయించడం కొన్నాళ్లు ఆపి, గుడి నెత్తిన కూర్చుంటుందని, కొమ్ము కుడిపక్కన తిరుగుతుందని, వత్తు కిందికి దిగుతుందని చోటును బట్టి చూపించు. వాకిట్లో బియ్యప్పిండితో పెద్దగా వేయిస్తే మరీ మంచిది.

అయితే కంటికి నేర్పినది చెవికి చేరాలి. ప అడుగున చిన్న గీత పెడితే ఫ అవుతుందని చూపినప్పుడే, నోటి ముందు అరచెయ్యి పెట్టించి గాలి తగిలే తేడాను కూడా తెలియనివ్వు.

ఇంగ్లీషు దగ్గర చిక్కు వేరు. మన హల్లులో అకారం కలిసే ఉంటుంది కనుక, ‘పిన్’ను విడదీయమంటే మన పిల్లలు ప, ఇ, న అంటారు, అవి తిరిగి అతకవు. దీనికి మన పొల్లు కంటే మంచి సాధనం నాకు కనబడలేదు. ప్, ఇ, న్ అని పలకమీద రాసి చూపిస్తే అకారం పోయిన సంగతి కంటికే తెలుస్తుంది. ఇక ఆ భాషలో 26 అక్షరాలు సుమారు 44 ధ్వనులను మోయాలి. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలినట్లు, ‘సి’ అక్షరం నుంచి రెండు పాయలు గీయించు: వెంటనే ఈ, ఐ, వై అక్షరాలు వస్తే స పాయ, లేకుంటే చాలావరకు క పాయ. హెచ్ తోడైతే వచ్చే చ ధ్వనిని మూడో పాయ వైనతేయగా వాడే కలుపుతాడు. ఈ పటానికి లొంగని మాటలూ ఉన్నాయి, వాటి జోలికి ఇప్పుడే పోవద్దు.

ఒక్క విషయంలో నేను మోసపోయాను. ఒక పిల్లవాడు పాఠమంతా గడగడా చదివితే మురిసిపోయాను; బొమ్మలు మూసి అడిగితే ఒక్క మాటా రాలేదు. కాబట్టి బొమ్మను చేత్తో కప్పి, ‘మలిబు’, ‘టికన’ వంటి అర్థం లేని మాటలు అప్పుడప్పుడు చదివించు. పూటకు పది నిమిషాలు చాలు. కళ్లు, చెవులు కూడా ఒకసారి డాక్టరుకు చూపించు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు వాడు గీసిన కాలువ పటం తీసుకురా. లాకుల పక్కన ఊళ్ల పేర్లు వాడిచేతే రాయిద్దాం.

మీ అత్తయ్య