సమాధానం: 55 కిలోల సైకిల్ రైడర్‌కి గతుకుల రోడ్డు మీద టైర్లలో గాలి ఎంత?

28 ఎంఎం వెడల్పు ట్యూబ్ టైర్లలో 90 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) కొడుతున్నానన్నారు, చేతులు తిమ్మిరెక్కుతున్నాయన్నారు. మీ బరువుకి అది చాలా ఎక్కువ. గాలి లెక్క బరువును బట్టి మారుతుంది, 75 కిలోల మగ రైడర్ల చార్టు మీకు పనికిరాదు.

ముందు 58, వెనక 62తో మొదలుపెట్టండి. ఒకే దారిలో తిరుగుతూ రెండేసి పీఎస్‌ఐ తగ్గించండి. గుంతలో రిమ్ టక్కుమని తగిలితే 3 పెంచి అక్కడ ఆగండి. ట్యూబ్‌తో అంతకన్నా దిగితే రిమ్‌కీ రాయికీ మధ్య ట్యూబ్ నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

ఫ్రేమ్‌లో చోటుంటే 32 ఎంఎం ట్యూబ్‌లెస్‌కి మారండి, అసలు మందు అదే. ముందు 44, వెనక 47 చాలు. టైరుకి 45 ఎంఎల్ సీలెంట్ (చిల్లుల్ని మూసేసే ద్రవం) పోయండి; మన ఎండలకి త్వరగా ఆరిపోతుంది, రెండు నెలలకోసారి చూడాలి. హుక్‌లెస్ రిమ్ (టైరు అంచుని పట్టుకునే కొక్కెం లేనిది) అయితే 72 దాటించొద్దు, టైరు ఊడొచ్చు.

గాలి ఒక్కటే సరిపోదు లెండి. ఫ్రాన్స్‌లో రాళ్లు పరిచిన గతుకుల దారుల మీద జరిగే సైకిల్ రేసు పారిస్-రూబే; 2021లో మొదటి మహిళల పారిస్-రూబే గెలిచిన ట్రెక్-సెగాఫ్రెడో జట్టు రైడర్ లిజీ డైగ్నన్ హ్యాండిల్‌బార్ టేప్ మీద ఆమె చేతుల రక్తపు మరకలున్నాయి. మందపాటి టేప్ చుట్టించండి.