పొదలో 'చెక్ చెక్' అంటున్నది ఏ పిట్ట?

గుంటూరులో మీ పెరటి గోరింట పొదలోంచి నాలుక చప్పరించినట్టు 'చెక్... చెక్' వినపడుతోందనీ, పిట్ట మాత్రం కనపడట్లేదనీ, దానికోసం ఉప్పలపాడు పక్షుల చెరువుకి వెళ్లినా దొరకలేదనీ రాశారు. మార్చి నెల కాబట్టి నా అంచనా బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ అనే చిన్న వలస పిట్ట. పేరులో 'రీడ్', అంటే రెల్లు, ఉందిగానీ, మన దగ్గర చలికాలమంతా అది గడిపేది పొదల్లో, తోటల్లోనే. ఉప్పలపాడు చెరువు గూడబాతులకీ ఎర్రకాళ్ల కొంగలకీ పెట్టింది పేరు. దీనికోసం అక్కడిదాకా వెళ్లడం పెట్రోలు దండగ.

పొద్దున ఆరింటికి పొదకి పదిహేను అడుగుల దూరంలో, ఎండ మీ వీపున పడేలా కుర్చీ వేసుకోండి. పిట్టని వెతక్కండి, కదిలే ఆకుని చూడండి. నేను మొదటిసారి మూడు కాఫీలు తాగాక గానీ కనపడలేదు! మట్టిరంగు ఒళ్లు, చారలు ఉండవు, ముక్కు పొడుగు, కంటికి ముందు పొట్టి లేత గీత. నెత్తి తుప్పురంగులో ఉండి తోక నిక్కబొడిస్తే అది దర్జీ పిట్ట, ఏడాదంతా ఇక్కడే ఉంటుంది.

ఫోన్‌లో కూత వినిపించి బయటికి రప్పించకండి. ప్రయాణానికి ముందు అది పురుగులు తిని కొవ్వు పెంచుకోవాలి. ఫిన్లాండ్ నుంచి సైబీరియా దాకా ఎక్కడో గూడు కట్టడానికి రాత్రిళ్లు ఎగురుతూ పోతుంది మరి. ఏప్రిల్ దాటితే కష్టం, ఈ ఆదివారమే కూర్చోండి.