తేల్ మాఫీ, మజా మాఫీ: ఎయిర్ ఫ్రయర్‌లో ఫలాఫెల్

ప్రశ్న: నూనె లేకుండా ఎయిర్ ఫ్రయర్‌లో ఫలాఫెల్ చేస్తుంటే లోపల పొడిపొడిగా, పైన పగుళ్ళతో వస్తున్నాయి. కరకరలాడేలా రావాలంటే ఏం చేయాలి?

ముందు ఆ "నూనె లేకుండా" అన్న ముక్క తీసేయండి. సగం సమస్య అక్కడే తీరిపోతుంది. ఫలాఫెల్ అంటే అరబ్బుల మసాలా వడ అనుకోండి, మిగతా సగం శనగలు నానబెట్టడంలోనూ రుబ్బడంలోనూ ఉంది. ఎయిర్ ఫ్రయర్ ఏ కంపెనీది, ఎన్ని లీటర్లది, ఎన్ని బటన్లున్నాయి అన్నది ఆఖర్న చూసుకోవచ్చు. అసలు చూసుకోకపోయినా పర్లేదు.

నేను కువైట్‌లో ఉంటాను, మంగాఫ్‌లో. సొంతూరు రాజంపేట. మా వైపు నుంచి ఎంతమంది ఇక్కడికి వచ్చారో కడప, అన్నమయ్య జిల్లాల వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఇండియా వాళ్ళ తర్వాత ఈ దేశంలో ఎక్కువగా కనబడే బయటివాళ్ళు ఈజిప్టు వాళ్ళు. అంచేత ఫలాఫెల్ ఎలా చేయాలో ఇక్కడ ఎవరినైనా అడగొచ్చు. అడక్కపోయినా చెప్తారు. వాళ్ళకది పొద్దున తినే టిఫిన్. మన హైదరాబాద్ కెఫేల్లో రాత్రి తొమ్మిదింటికి మయొనీజ్ పూసి చల్లచల్లగా ఇచ్చే ర్యాప్ కాదు. దాని సంగతి తర్వాత చెప్తాను, ఆ మంట వేరే ఉంది.

మా ఎదురు ఫ్లాట్‌లో రాజోలు అమ్మాయి ఉంటుంది. వాళ్ళాయన్ని పోరి సేల్లో ఎయిర్ ఫ్రయర్ కొనిపించుకుంది. చుక్క నూనె లేకుండా వేపుళ్ళు చేసుకోవచ్చని అట్టపెట్టె మీద రాసి ఉంటే దాన్ని అక్షరాలా నమ్మింది. డబ్బా శనగలు తెచ్చి, నీళ్ళు వంపి, మిక్సీలో మెత్తగా తిప్పింది. ముద్ద చేతికి అంటుకుంటోందని గుప్పెళ్ళకొద్దీ శనగపిండి కలిపింది. గుండ్రంగా ఉండలు చుట్టి, నూనె తగలకుండా మెషిన్‌లో పెట్టి, "అక్కా, వచ్చేయండి, వేడివేడిగా తిందురుగాని" అని ఫోన్ చేసింది. నేను వెళ్ళేసరికి వాళ్ళింట్లో సింకు కింద పైపు కారుతోందని హారిస్ కూడా వచ్చి ఉన్నాడు.

హారిస్ అంటే ఇక్కడ బిల్డింగ్ చూసుకునే మనిషి. వాచ్‌మన్ పని, చిన్నాచితకా రిపేర్లు, అద్దె వసూళ్ళు అన్నీ ఆయనే. చాలా బిల్డింగుల్లో ఈజిప్టు వాళ్ళే హారిస్‌లు. మా హారిస్‌ది నైలు ఒడ్డున సొహాగ్. పెద్దాయన, అందరం హజ్జీ అని పిలుస్తాం. లిఫ్టు పక్కన గదిలో ఒక్కడే ఉంటాడు, ఆ గదిలో ఒక చిన్న స్టవ్వు, దాని మీద ఎప్పుడూ ఏదో ఒకటి ఉడుకుతూ ఉంటుంది.

ఈ అమ్మాయి మర్యాదకి ఆయనకీ ప్లేటులో రెండు పెట్టింది. హజ్జీ ఒకటి కొరికాడు. నమిలాడు. ఇంకా నమిలాడు. నీళ్ళు అడిగి గ్లాసుడు తాగాడు. రెండోదాన్ని చేతిలో తిప్పి చూసి, మళ్ళీ ప్లేటులో పెట్టేసి, రెంచీ తీసుకుని సింకు కిందికి దూరాడు. కాసేపటికి అక్కణ్ణుంచే గొంతు వినబడింది. "మదాం, తేల్ మాఫీ?" సగం హిందీ, సగం అరబ్బీ కలిపిన ఈ భాష గల్ఫ్‌లో ఉన్నవాళ్ళందరికీ వచ్చు. మాఫీ అంటే లేదు అని. నూనె వేయలేదా అని అడుగుతున్నాడు. ఈ పిల్ల గర్వంగా "తేల్ మాఫీ హజ్జీ, హెల్దీ" అంది. సింకు కింద నుంచి జవాబు వచ్చింది: "తేల్ మాఫీ, మజా మాఫీ."

మర్నాడు సాయంత్రం ఐస్‌క్రీం డబ్బా ఒకటి పట్టుకుని మళ్ళీ వచ్చాడు, ఎవరూ పిలవకుండానే. మూత తీస్తే లోపల పచ్చటి ముద్ద. కైరోలోనూ, ఆయన వైపూ దీన్ని తామియా అంటారు, అలెగ్జాండ్రియాలో ఫలాఫెల్ అంటారు. ఈజిప్టు వాళ్ళు మామూలుగా ఇందులో శనగలు వేయరు. ఎండిన ఫూల్ గింజలు, అంటే మనం ఫావా బీన్స్ అనేవి, పొట్టు తీసి బద్దలు చేసినవి నానబెట్టి రుబ్బుతారు. దాంట్లో కొత్తిమీర, పార్స్లీ, సోయికూర, ఉల్లికాడల్లాంటి ఆకు ఒకటి, ఉల్లిపాయ, వెల్లుల్లి. ఆకులు ఎంత వేస్తారంటే ముద్ద రంగే మారిపోతుంది. లెబనాన్, పాలస్తీనా, జోర్డాన్ వైపు శనగలతో చేస్తారు. మనకి వీడియోల్లో కనబడేది ఎక్కువగా అదే. ఇక్కడొక మాట: జి6పిడి అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్నవాళ్ళు ఫూల్ గింజలు ముట్టుకోకూడదు, రక్తంలో ఎర్ర కణాలు పగిలిపోవచ్చు. వాళ్ళు శనగలతోనే చేసుకోవాలి.

హజ్జీ చేతులు కడుక్కుని ముద్దలోంచి కొంచెం తీసి పిడికిట్లో గట్టిగా నొక్కి మాకు చూపించాడు. వేళ్ళ సందుల్లోంచి నీరు రాలేదు, చెయ్యి విప్పితే ముద్ద విడిపోలేదు. దగ్గరగా చూస్తే అందులో గింజల పలుకులు విడివిడిగా కనబడుతున్నాయి, బొంబాయి రవ్వ కంటే కొంచెం పెద్దవి. అప్పుడు చిటికెడు వంటసోడా చల్లి కలిపాడు. తడి చేత్తో బిళ్ళలు తట్టాడు, ఒకవైపు నువ్వులు అద్దాడు, మధ్యలో బొటనవేలితో చిన్న నొక్కు. అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత గిన్నెలో నూనె పోసుకుని ప్రతి బిళ్ళకీ రెండు వైపులా, అంచుల చుట్టూ వేళ్ళతో రాయడం మొదలెట్టాడు. ఈ అమ్మాయి "బస్ హజ్జీ, బస్" అంటూ చుట్టూ తిరుగుతోంది. ఆయన వింటేగా.

బాస్కెట్‌లో బిళ్ళకీ బిళ్ళకీ మధ్య వేలు పట్టేంత జాగా వదిలి కొన్నే పెట్టాడు. మిగతావి రెండో వాయికి. సగంలో బయటికి లాగి తిరగేశాడు. అయ్యాక ఒకటి తీసి రెండు చేతులతో విరిచాడు, ఆ చప్పుడు నాకు హాల్లోకి వినబడింది. పైన ముదురు గోధుమ రంగు, లోపల పచ్చగా, ఆవిరి వస్తూ. రాజోలు అమ్మాయి నిలబడే మూడు తినేసింది. ఆయన మాత్రం ఒకటి రుచి చూసి "కువైస్" అన్నాడు, బాగుంది అని. అంటూనే అరచెయ్యి అటూ ఇటూ ఊపాడు. మూకుడు నిండా నూనెలో వేగినదానికి ఇది సాటి రాదని అర్థం. నిజమే, రాదు. ఎయిర్ ఫ్రయర్‌లోవి, నూనెలో వేయించినవి ఒకేలా ఉంటాయని చెప్పేవాళ్ళ నాలుక మీద నాకు నమ్మకం లేదు.

ఇక మీ సంగతి. అసలు మసాలా వడ చేసే ఇంట్లో పుట్టినవాళ్ళకి ఫలాఫెల్ విడిగా నేర్పక్కర్లేదు. శనగపప్పు ఉడకబెట్టి మసాలా వడ ఎవరైనా చేస్తారా? నానబెడతాం, నీళ్ళు వంపేస్తాం, చుక్క నీళ్ళు పోయకుండా కచ్చాపచ్చాగా రుబ్బుతాం. ఇదీ అంతే. మరి దేశంకాని దేశం వంట అనేసరికి మన బుర్ర ఎందుకు పనిచేయడం మానేస్తుందో తెలీదు. డబ్బా శనగలు అంటే ఉడికిన శనగలు. వాటిలో పిండిపదార్థం ముందే ఉడికి ఉబ్బిపోయి ఉంటుంది, ఇంక పట్టుకునే శక్తి ఉండదు. పచ్చి గింజల పిండిపదార్థం ఫలాఫెల్ వేగేటప్పుడు ఉడికి, అప్పుడు ముద్దని కలిపి ఉంచుతుంది. అందుకే డబ్బావి వాడినవాళ్ళు శనగపిండో మైదానో పోయక తప్పదు, పోశాక అది బజ్జీ పిండి ఎండబెట్టినట్టు గట్టిపడక తప్పదు.

పావుకిలో కాబూలీ శనగలు తీసుకోండి. ఎక్కువ నీళ్ళలో 18 నుంచి 24 గంటలు నానాలి. రాత్రి పోసి పొద్దున తీస్తే చాలదు. ఎండాకాలమైతే ఫ్రిజ్‌లో పెట్టండి, లేకపోతే పులిసిన వాసన వస్తుంది. ఒక గింజని గోరుతో చీలిస్తే మధ్యలో గట్టి తెల్ల చుక్క కనబడకూడదు. బాగా నానితే బరువు ఇంచుమించు రెట్టింపు అవుతుంది. జల్లెడలో వంపేసి, బట్ట మీద పరిచి అరగంట ఆరనివ్వండి. ఈ ఆరబెట్టడం ఎవరూ చెప్పరు. ఎయిర్ ఫ్రయర్‌లో కరకర రావాలంటే పైపొరలో తడి పోవాలి. తడిని మీరే లోపలికి పంపిస్తే మెషిన్ దాన్ని ఆరబెట్టడానికే టైమంతా ఖర్చు పెడుతుంది. అది ఆరేలోపు లోపల పొడి అయిపోతుంది. మీకు వస్తున్న పగుళ్ళు, ఆ పొడితనం సగం ఇందువల్లే అని నేను కళ్ళు మూసుకుని చెప్తాను.

రుబ్బేటప్పుడు ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి అయిదారు రెబ్బలు, రెండు పెద్ద గుప్పెళ్ళు కొత్తిమీర, పార్స్లీ దొరికితే అదీ. ఆకులు కడిగి పూర్తిగా ఆరాకే వేయండి. ధనియాల పొడి చెంచాన్నర, జీలకర్ర పొడి ఒక చెంచా, ఉప్పు, కావాలంటే పచ్చిమిర్చి. హజ్జీకి తెలీకుండా నేను వేస్తాను. మిక్సీ నాబ్‌ని ఎడమకి తిప్పి వదలడం, గరిటెతో కిందామీదా చేయడం, మళ్ళీ తిప్పి వదలడం. కుడివైపు తిప్పి వదిలేశారా, చట్నీ అవుతుంది. గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, బిళ్ళలు చేసే ముందు మాత్రమే పావు చెంచా సోడా కలపండి. ఎక్కువైతే సబ్బు వాసన కొడుతుంది.

ఉండలు వద్దు, బిళ్ళలే చేయండి. నూనెలో ఉండ చుట్టూతా ఒకేసారి వేడి అందుతుంది. గాలి నూనెంత వేడిని మోయలేదు. ఎయిర్ ఫ్రయర్ అంటే పైన కాయిల్, దాని మీద ఫ్యాన్, అంతే. 2010లో ఫిలిప్స్ వాళ్ళు ఆ పేరుతో తీసుకొచ్చారుగానీ పనితీరు చూస్తే చిన్న అవెన్. అందులో ఉండ పెడితే పైన మాడి కింద పాలిపోతుంది. ఒకటిన్నర సెంటీమీటర్ల మందం బిళ్ళ సరిపోతుంది. మెషిన్‌ని 190 డిగ్రీల దగ్గర అయిదు నిమిషాలు ఖాళీగా వేడెక్కనిచ్చి, బిళ్ళలకి బ్రష్‌తో రెండు వైపులా నూనె రాసి, ఒక్క వరసలో పెట్టి ఎనిమిది నిమిషాలు, తిరగేసి మరో అయిదారు నిమిషాలు. మీ మెషిన్ వాటం చూసుకుని ఒకటి రెండు నిమిషాలు అటూఇటూ. బాస్కెట్ అడుగున బేకింగ్ పేపర్ పూర్తిగా పరిచేవాళ్ళు ఉన్నారు, కడుక్కునే బాధ లేదని. ఆ చిల్లులు గాలి కోసం పెట్టారండీ బాబూ. డబ్బాల్లో దొరికే కుకింగ్ స్ప్రే కూడా కొట్టకండి, దాని జిగురు నాన్‌స్టిక్ పూతకి అంటుకుని ఊడదు.

ఇప్పుడు ఆ నూనె లెక్క చూడండి. పావుకిలో శనగలకి పాతిక దాకా బిళ్ళలు వస్తాయి. వాటన్నిటికీ కలిపి పట్టేది రెండు పెద్ద చెంచాలు. నలుగురు తింటే మనిషికి పడేది అర పెద్ద చెంచా. దీనికి భయపడేవాళ్ళే పక్కన మయొనీజ్ గిన్నె పెట్టుకుంటారు. మయొనీజ్ దేనితో చేస్తారనుకుంటున్నారు? సగానికి పైగా నూనేగా అది! మా అత్తగారింటి వైపు ఒకాయన ఉన్నారు, పెళ్ళిళ్ళలో గారె ముట్టరు, నూనె అంటారు, మైసూర్‌పాక్ మాత్రం అడిగి వేయించుకుంటారు. జీరో ఆయిల్ జనాన్ని చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు.

మిగిలిన ముద్దని పచ్చిగానే, సోడా కలపకముందు, బిళ్ళలు చేసి ట్రేలో గడ్డకట్టించి డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు. సోడా లేకపోతే కొంచెం గట్టిగా వస్తాయి, అంతే తేడా. వండేసినవి మళ్ళీ వేడి చేయాలంటే మైక్రోవేవ్ జోలికి పోకండి, ఎయిర్ ఫ్రయర్‌లోనే మూడు నాలుగు నిమిషాలు చాలు. ఈ ఒక్క పనికి మాత్రం ఆ మెషిన్ నిజంగా బంగారం.

నంజుకోడానికి తహీనా, అంటే నువ్వుల ముద్దతో చట్నీ, చేసుకోండి. హైదరాబాద్‌లో పెద్ద సూపర్‌మార్కెట్లలో ఆ ముద్ద సీసాలు దొరుకుతాయి, లేదంటే తెల్ల నువ్వులు రంగు మారకుండా దోరగా వేయించి కొంచెం నూనెతో మిక్సీలో బాగా జారుగా అయ్యేదాకా తిప్పండి. దాంట్లో దంచిన వెల్లుల్లి, ఉప్పు, నిమ్మరసం. నిమ్మరసం పడగానే గట్టిగా బిగుసుకుపోతుంది, విరిగిందని పారబోయకండి. చల్లటి నీళ్ళు కొంచెం కొంచెం పోస్తూ కలుపుతూ ఉంటే తెల్లబడి పలచనవుతుంది. పెరుగంత జారుగా వస్తే చాలు, ఆపేయండి. ఆ కెఫేల వాళ్ళకి ఇది చేయడానికి పట్టేది అయిదు నిమిషాలు, మయొనీజ్ డబ్బా మూత తీయడానికి అర నిమిషం. అందుకే మనకి మయొనీజ్ రాసిపెట్టి ఉంది.