పద్ధతి సరే, ఇబ్బంది ఎవరిది?

చిరంజీవికి,

నీ మెయిల్, దాంతో పాటు పంపిన పేపర్, ఎడిటర్ ఉత్తరం మూడూ చదివాను. రివ్యూయర్ల దాకా పోనివ్వకుండానే తిప్పి పంపేశారని బాగా నొచ్చుకున్నట్టున్నావు. మెథడ్స్ జర్నళ్లలో డెస్క్ రిజెక్షన్ మామూలే. ఆర్నెల్లు ఆగి కాదనిపించుకోవడం కంటే ఇదే నయం. అయితే ఆ ఉత్తరంలో నువ్వు కోపంలో దాటేసిన వాక్యం ఒకటుంది. నువ్వు ప్రతిపాదించిన గణాంక సవరణ ఎవరికి, ఎలాంటి డేటా చేతిలో ఉన్నప్పుడు అవసరమవుతుందో తమకు అర్థం కాలేదన్నారు. నువ్వేమో "గణితంలో ఒక్క తప్పూ చూపించలేదు కదా సార్" అని రాశావు. తప్పు లేదు కాబట్టే చూపించలేదమ్మా. వాళ్లడిగింది గణితం గురించి కాదు.

నువ్వు ఎంచుకున్న సమస్య మంచిదే. స్కూళ్లు తక్కువగా ఉన్న ప్రయోగాల్లో బహుళస్థాయి మోడల్ (పిల్లల్నీ, వాళ్ల స్కూళ్లనీ రెండు స్థాయిలుగా చూసేది) ఇచ్చే స్టాండర్డ్ ఎర్రర్, అంటే అంచనాలో ఉన్న అనిశ్చితి, ఉండాల్సినదానికంటే చిన్నగా వస్తుంది, దాన్ని సరిదిద్దడానికి నీ దగ్గర ఒక దారి ఉంది. కానీ నీ పేపర్లో స్కూలు అన్న మాట కనపడటానికే నాలుగో పేజీ దాకా రావాలి. అసలైన డేటా చివర్లో, "ఉదాహరణకు" అంటూ అరపేజీలో సర్దేశావు. ముందంతా మాత్రికలే. ఆ మొదటి మూడు పేజీలు ఏ రంగం జర్నల్‌కైనా పంపుకోవచ్చు. చిక్కంతా అక్కడే ఉంది.

1981లో స్టాటిస్టీషియన్ డోనాల్డ్ రూబిన్ రాసిన ఒక పేపర్ తీసి నిదానంగా చదువు. అది వచ్చిన జర్నల్ 1976లో జర్నల్ ఆఫ్ ఎడ్యుకేషనల్ స్టాటిస్టిక్స్ అన్న పేరుతో మొదలైంది. 1994లో 'బిహేవియరల్' అన్న మాట కూడా చేర్చుకుని ఇప్పటి పేరుకి వచ్చింది. రూబిన్ పేపర్లోని డేటా చాలా చిన్నది. ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ వాళ్లు అమెరికాలో ఎనిమిది స్కూళ్లలో శాట్ వెర్బల్ పరీక్షకి (కాలేజీ ప్రవేశ పరీక్షలో భాషా భాగం) కోచింగ్ ఇస్తే మార్కులు ఎంత పెరుగుతాయో చూశారు. ఒక్కో స్కూల్లో వచ్చిన అంచనాలు వరసగా 28, 8, మైనస్ 3, 7, మైనస్ 1, 1, 18, 12. వాటి స్టాండర్డ్ ఎర్రర్లు 15, 10, 16, 11, 9, 11, 10, 18. మొత్తం పదహారు సంఖ్యలు.

ఇప్పుడు మొదటి స్కూలు హెడ్మాస్టర్ వచ్చి, మా కోచింగ్ వల్ల నిజంగా 28 మార్కులు పెరిగాయా అని అడిగాడనుకో. ఆ స్కూలు ఒక్కదాన్నే చూస్తే అంచనా 28, కానీ దాన్ని 15తో భాగిస్తే రెండుకి కూడా చేరదు, గట్టిగా చెప్పడానికి మామూలుగా రెండైనా ఉండాలి. ఎనిమిదింటినీ కలిపేస్తే అందరికీ ఒకటే జవాబు, సుమారు 8. 28ని నమ్మడం మరీ ఆశ, అందరికీ 8 అనడం మరీ ఒకే మూస. పోనీ స్కూళ్ల మధ్య తేడా ఎంతుందో డేటానే అడుగుదామంటే, మామూలు పద్ధతిలో ఒకే సంఖ్యగా అంచనా వేస్తే అది సున్నా అని వస్తుంది. ఎనిమిది స్కూళ్లలో కోచింగ్ ఫలితం అచ్చం ఒకటేనంటే ఏ టీచరూ నమ్మడు. రూబిన్ ఆ ఒక్క సున్నా దగ్గర ఆగలేదు. తేడా ఎంతెంత ఉండే అవకాశం ఉందో అదంతా లెక్కలోకి తెచ్చి, ఒక్కో స్కూలు అంచనాని సగటు వైపు ఎంత లాగాలో తేల్చారు. ఇన్నేళ్లయినా, ఇలా అవకాశాలన్నిటినీ లెక్కలోకి తెచ్చే బేయీసియన్ పద్ధతులు నేర్పే చోటల్లా ఆ ఎనిమిది స్కూళ్లు కనిపిస్తాయి. కొత్త సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తోందా అని చూసుకోవడానికి కూడా వాటినే వాడుతుంటారు. అందులో గణితం నీ పేపర్లో ఉన్నంత బరువైనదేమీ కాదు. కానీ హెడ్మాస్టర్ ఇబ్బంది ఏమిటో చదివినవాళ్లకి వెంటనే తెలుస్తుంది. పైగా అది నీ సమస్యకి పెద్దన్న. దాన్ని నువ్వు ఎక్కడా ప్రస్తావించకపోవడం నాకు ఆశ్చర్యంగానే ఉంది.

అందుకని ఉపోద్ఘాతం తిరగరాయి. మొదటి పేరాలో సూత్రం వద్దు. పది స్కూళ్లు, స్కూలుకి నలభై మంది పిల్లలు అని మొదలుపెట్టు. చూడ్డానికి నాలుగొందల మంది ఉన్నారు. ఒకే స్కూలు పిల్లలు కొంతవరకూ ఒకేలా ఉంటారు కదా, సున్నా నుంచి ఒకటి దాకా కొలిచే ఆ పోలిక 0.2 అనుకుంటే, సమాచారం ఎన్నో వంతుకి తగ్గుతుందో చెప్పే డిజైన్ ఎఫెక్ట్ 1 + 39 × 0.2, అంటే 8.8. నాలుగొందల మంది ఇచ్చే సమాచారం, సంబంధం లేని నలభై అయిదు మంది ఇచ్చేదానికి సమానం. దానికి తోడు స్కూళ్లు పదే అయ్యేసరికి, స్కూళ్ల మధ్య తేడాని కూడా పది సంఖ్యల మీంచే అంచనా వేయాలి. పరిశోధకుడు తనకి తెలియకుండానే ఎక్కువ ధీమాకి పోతాడు. ఈ పేరా చదివాక ఎడిటర్‌కి నీ సవరణ ఎందుకో అడగాల్సిన పని ఉండదు.

ఏ జర్నల్‌కి పంపాలి అన్న నీ రెండో ప్రశ్న కూడా దీనికి ముడిపడిందే. నువ్వు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్లోని పేపర్లని సగటున ఎంతగా ఉటంకిస్తారో చెప్పే అంకె) వరసలో జాబితా రాసుకున్నావు. అది పక్కన పెట్టు. సైకోమెట్రికా 1936 నుంచి వస్తోంది, కొత్త మోడల్, దాని గణిత లక్షణాలు, నిరూపణ అక్కడి పాఠకులకి ఇష్టం. జర్నల్ ఆఫ్ ఎడ్యుకేషనల్ అండ్ బిహేవియరల్ స్టాటిస్టిక్స్‌కి కొత్త పద్ధతి కావాలి, కానీ విద్యకో ప్రవర్తనకో సంబంధం లేని ఒట్టి స్టాటిస్టిక్స్ అయితే తక్కువ ప్రాధాన్యం ఇస్తామని వాళ్లే చెప్పుకుంటారు. 1996లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ మొదలుపెట్టిన సైకలాజికల్ మెథడ్స్ చదివేవాళ్లలో చాలామంది పద్ధతిని కనిపెట్టేవాళ్లు కారు, వాడేవాళ్లు. కొలమానం, పరీక్షల నాణ్యత అయితే ఎడ్యుకేషనల్ అండ్ సైకలాజికల్ మెజర్‌మెంట్ ఉంది. ప్యాకేజీ రాసి దాన్ని పరిచయం చేయాలంటే బిహేవియర్ రీసెర్చ్ మెథడ్స్. ఒకే పనిని ఈ అయిదింటికీ అయిదు రకాలుగా రాయాలి. వెనక్కొచ్చిన పేపర్‌ని కవర్ లెటర్‌లో పేరు మార్చి మరో చోటికి పంపేవాళ్లని చాలామందిని చూశాను. రివ్యూయర్ల సంఖ్య ఈ రంగంలో చిన్నదే, అదే పేపర్ అదే మనిషి బల్ల మీదకి మళ్లీ చేరుతుంది. నువ్వు రెండో దాన్ని గానీ మూడో దాన్ని గానీ ఎంచుకో. నా మొగ్గు రెండో దాని వైపే.

ఎంచుకున్నాక ఆ జర్నల్లో గత రెండేళ్లలో వచ్చిన పేపర్లు కొన్ని ముందేసుకుని, మొదటి రెండు పేజీలే చదువు. సమస్య ఎన్నో పేరాలో వస్తోంది, డేటా ఎక్కడ పెట్టారు, నిరూపణలు లోపలున్నాయా అనుబంధంలోనా, అవి చూసుకో.

ఇక సిమ్యులేషన్, అంటే కంప్యూటర్లో కృత్రిమ డేటా పుట్టించి పద్ధతిని పరీక్షించడం. దీని మీద కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే రివ్యూయర్ల దాకా వెళ్లినా నీ పేపర్ ఇక్కడే ఆగిపోయేది. నాలుగో పట్టిక చూడు. నూటికి 95 సార్లు సరైన విలువని పట్టుకోవాల్సిన 95 శాతం విశ్వాస అంతరం నీ పద్ధతిలో 0.952 వంతు సార్లు పట్టుకుందనీ, పాతదానిలో 0.944 వంతు సార్లనీ రాసి, "మన పద్ధతి మెరుగు" అన్నావు. ఒక్కో పరిస్థితికీ 500 సార్లే నడిపావు. 0.95 దగ్గర 500 సార్లకి మోంటే కార్లో దోషమే, అంటే తక్కువసార్లు నడపడం వల్ల వచ్చే ఊగిసలాటే, దాదాపు 0.01. నువ్వు గొప్పగా చెప్పిన తేడా 0.008. రెండు పద్ధతులనీ ఒకే డేటా మీద నడిపావు గనక తేడాలో దోషం అంతకంటే తక్కువే ఉండొచ్చు, నిజమే. అయితే ఆ లెక్క కూడా కట్టి చూపించాలి. మామూలు దోషాన్ని 0.005కి దించాలన్నా 1900 సార్లు నడపాలి. నీ కంప్యూటర్‌కి అదేమంత పెద్ద పని కాదు, రాత్రి పెట్టి పడుకుంటే సరి. పట్టిక కింద మోంటే కార్లో దోషం ఎంతో ఒక వాక్యం రాయి. దోషం 0.01 ఉన్నప్పుడు మూడో దశాంశ స్థానాన్ని నమ్ముకుని వాదించకూడదు.

అదే పట్టిక కింద చిన్న అక్షరాల్లో "మోడల్ కుదరని సందర్భాలు తొలగించాం" అని ఉంది. కంప్యూటర్ లెక్క తేల్చలేకపోయిన ఆ సందర్భాలు ఎన్ని? ఏ పరిస్థితుల్లో? అయిదు స్కూళ్ల పరిస్థితిలో సగం కుదరలేదనుకో, మిగిలిన సగంలో నీ పద్ధతి ఎంత బాగున్నా వాడుకునేవాడికి ఏం లాభం? కుదరకపోవడం కూడా ఫలితమే, దానికి ఒక వరస కేటాయించు.

నీ పద్ధతికి పోటీగా పెట్టిన పద్ధతుల్లో కెన్‌వర్డ్, రోజర్ ఇద్దరూ 1997లో ఇచ్చిన సవరణ లేదు. చిన్న నమూనాలకి జనం ముందుగా వెతుక్కునేది అదే, సాఫ్ట్‌వేర్లలో దొరుకుతోంది కూడా. బలమైన ప్రత్యర్థిని వదిలేసి బలహీనుడి మీద గెలిస్తే రివ్యూయర్ మొదట అడిగేది దాని గురించే. దానితో పోలిస్తే నీది కొన్ని చోట్ల ఓడిపోవచ్చు, ఓడిపోనీ. ఎక్కడ ఓడిపోయిందో చెప్పిన పేపర్ మీద నాకు నమ్మకం కుదురుతుంది. అన్ని గడుల్లోనూ గెలిచిన పట్టిక కనిపిస్తే నాకు అనుమానమే మొదలవుతుంది.

సిమ్యులేషన్‌లో పెట్టిన సంఖ్యలు ఎక్కడివో కూడా చెప్పు. ఒకే స్కూలు పిల్లల మధ్య పోలికని 0.05 నుంచి 0.8 దాకా తీసుకున్నావు. 0.8 ఏ స్కూళ్లలో ఉంటుందమ్మా? అచ్చయిన ప్రయోగాల్లో కనిపించిన విలువలు చూసి అక్కణ్ణుంచి తెచ్చుకో.

పద్ధతి హద్దులు రాయడం గురించి ఒక సంగతి. కూడర్, రిచర్డ్‌సన్ 1937లో సైకోమెట్రికాలో ఇచ్చిన సూత్రాల్లో ఇరవయ్యోది ఒక్కో జవాబుని తప్పో ఒప్పో అని మాత్రమే చూసే పరీక్షలు ఎంత నమ్మదగ్గవో చెప్పేది. క్రాన్‌బాక్ 1951లో అదే జర్నల్లో దాన్ని విస్తరించి ఆల్ఫా అన్నారు. ఇప్పుడు ప్రశ్నావళి ఉన్న ప్రతి థీసిస్‌లోనూ "ఆల్ఫా 0.7 దాటింది కాబట్టి స్కేలు బాగుంది" అన్న వాక్యం ఉంటుంది. ప్రశ్నల మధ్య సగటు సహసంబంధం 0.3 అనుకుని లెక్కకట్టి చూడు. అయిదు ప్రశ్నలకి ఆల్ఫా 0.68. అదే తరహా ప్రశ్నలు ఇరవై చేస్తే 0.9కి వెళ్తుంది. ప్రశ్నల మధ్య పొత్తు ఏమీ పెరగలేదు, పొడుగు పెరిగింది. ఆ స్కేలు ఒకే విషయాన్ని కొలుస్తోందని కూడా ఆల్ఫా హామీ ఇవ్వదు. క్లాస్ సైట్స్మా 2009లో మళ్లీ సైకోమెట్రికాలోనే ఆల్ఫా దుర్వినియోగం మీద పెద్ద విమర్శ రాశారు. అయినా ఆ వాక్యం ఆగలేదు. హూ, బెంట్లర్ 1999లో స్ట్రక్చరల్ ఈక్వేషన్ మోడళ్లు డేటాకి సరిపోయాయా అని చూడ్డానికి సూచించిన 0.95, 0.06 హద్దులదీ అదే కథ, అసలు పేపర్ తెరవకుండానే అందరూ శాసనంలా ఉటంకిస్తారు. నీ పద్ధతి జనంలోకి వెళ్తే దాన్నీ ఇలాగే వాడతారు. కాబట్టి ఎన్ని స్కూళ్లకంటే తక్కువైతే పనిచేయదో, స్కూళ్ల సైజుల్లో బాగా తేడా ఉంటే ఏమవుతుందో చర్చలో చివరి పేరాలో దాచకు, సారాంశంలోనే ఒక వాక్యంగా పెట్టు.

చిన్న చిన్నవి: కోడ్, సీడ్ విలువలు అన్నీ ఒక చోట పెట్టి పంపు, ఇప్పుడు చాలా జర్నళ్లు అడుగుతున్నాయి. పేరు తెలియకుండా రివ్యూ జరిగే చోటైతే ఫైల్ ప్రాపర్టీస్‌లో నీ పేరు తీసేయి, "మా మునుపటి పేపర్లో" లాంటి మాటలు కూడా. ఒకే గుర్తుని రెండు చోట్ల రెండు అర్థాల్లో వాడావు, ఎర్ర పెన్నుతో చుట్టాను, చూసుకో.

రివ్యూలు వచ్చిన రోజున జవాబు రాయకు. వచ్చాక ముగ్గురు రివ్యూయర్లలో ఒకరు ఖాయంగా నీ పేపర్‌ని అపార్థం చేసుకుని ఉంటారు. "రివ్యూయర్ సరిగ్గా చదవలేదు" అనిపిస్తుంది, అనుకో, రాయకు. అంత శ్రద్ధగా చదివే మనిషికే అర్థం కాలేదంటే మామూలు పాఠకుడికి అసలు అర్థం కాదు. ఆ చోట రాతనే మార్చు. ప్రతి వ్యాఖ్యనీ పూర్తిగా ఎత్తి రాసి, కింద ఏం మార్చావో, ఏ పేజీలో మార్చావో చెప్పు. ఒప్పుకోలేనిది ఉంటే ఒప్పుకోకు, కానీ ఒక చిన్న సిమ్యులేషన్ నడిపి ఎందుకో చూపించు. ఎడిటర్లు వాదన కంటే పట్టికకి తొందరగా తల ఊపుతారు.

గైడ్‌గారితో టెన్షన్ పడుతున్నానన్నావు. ఆర్నెల్లు ఆలస్యమవుతుందని ఇప్పుడే చెప్పేసేయ్, దాచితే అది ఇంకా పెరుగుతుంది.

మొత్తం పేపర్ నాకు ఇప్పుడప్పుడే పంపొద్దు. కొత్తగా రాసిన మొదటి పేజీ, కెన్‌వర్డ్-రోజర్ వరస చేర్చిన నాలుగో పట్టిక, ఆ రెండే పంపు. సూత్రాల సంగతి తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ సార్