గుడ్లను కాపాడితే సరిపోతుందా?

ప్రశ్న: సముద్ర తాబేళ్లపై పరిశోధనల వల్ల చట్టాలేమైనా మారాయా?

జవాబు: మారాయండి. ఒకప్పుడు అందరి దృష్టీ గుడ్ల మీదే, గూళ్లకు కాపలా పెడితే చాలనుకునేవారు. 1987లో పరిశోధకురాలు డెబొరా క్రౌస్, ఆమె సహచరులు లాగర్‌హెడ్ అనే రకం సముద్ర తాబేళ్ల లెక్క కట్టి చూస్తే, గుడ్లన్నీ బతికినా వాటి సంఖ్య తగ్గుతూనే ఉంటుందని, ఎదిగే వయసు తాబేళ్లు చావకుండా చూడాలని తేలింది. అవేమో రొయ్యల వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చిపోతున్నాయి! అమెరికాలో వలలకు 'టెడ్' తప్పనిసరి చేయాలన్న వాదనకు ఈ లెక్కే బలమిచ్చింది. టెడ్ అంటే వల మెడలో ఏటవాలుగా బిగించే కమ్మీల చట్రం, రొయ్యలు సందుల్లోంచి వెనక్కి జారిపోతాయి, తాబేలు కమ్మీలకు తగిలి, పక్కనున్న మూత తోసుకుని బయటపడుతుంది. అయితే రొయ్యలు కూడా పోతాయేమోనని జాలర్లకు టెన్షన్, అది న్యాయమే. అందుకే పరిశోధకులు వాళ్ల పడవలెక్కి, వాళ్ల వలల్లోనే పరీక్షించి చూపించాలంటాను.