ఏసీ గదిలో 2,300 పీపీఎం: పొగ కాదు, ఊపిరి

ఎంవీపీ కాలనీలో మీ పడకగది తలుపులు మూసి ఏసీ వేస్తే, తెల్లారేసరికి కార్బన్ డయాక్సైడ్ మీటరు 2,300 పీపీఎం (అంటే పది లక్షల భాగాల గాలిలో 2,300 భాగాలు) చూపిస్తోందని, తల పట్టేసినట్టుంటోందని, ఫ్యాక్టరీల పొగేమోనని అడిగారు. పొగ కాదండీ, మీ ఊపిరే. మనం వదిలే గాలిలో దాదాపు 4 శాతం ఆ వాయువే ఉంటుంది. మామూలు స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది తప్ప బయటి గాలిని తీసుకురాదు. కిటికీ రెండంగుళాలు తెరిచి పడుకోండి. కరెంటు బిల్లు కాస్త పెరుగుతుంది, మన విశాఖ ఉక్కపోతతో అది తప్పదు. మొక్కలు పెడదామనుకుంటున్నారేమో, రాత్రిపూట చాలావరకు అవీ ఆ వాయువునే వదులుతాయి! అన్నట్టు, ముందు మీటరుని ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లి చూడండి. ఇసుకలో నిలబడితే 430 దరిదాపుల్లో ఉండాలి. అక్కడా 900 అంటే తేడా మీటరులోనే. గాలి మారినా తలనొప్పి తగ్గకపోతే మాత్రం డాక్టరుకి చూపించుకోండి.