అన్నా, ఒక డౌటు: టీ కోసమే మీటప్ పెడితే తప్పా?

ప్రశ్న: అన్నా, తిరుపతిలో వెబ్ ప్రోగ్రామర్లం కొంతమంది ఒక గ్రూపు పెట్టుకున్నాం. నెలకోసారి ఒక కోచింగ్ సెంటర్ గదిలో కలుస్తాం. రియాక్ట్, లారావెల్ లాంటి వెబ్‌సైట్లు చేసే టూల్ ఏదో ఒకదాని మీద ఎవరో ఒకరు టాక్ ఇస్తారు. అయిపోగానే ఎవరి బండి వాళ్లు తీసుకొని వెళ్లిపోతారు. ఒకరి పేరు ఒకరికి సరిగా తెలియదు. టాక్ లేకుండా ఉత్తగా కలిసి టీ తాగుదామంటే, ‘దానికి మీటప్ ఎందుకు, టైమ్ వేస్ట్’ అంటున్నారు సీనియర్లు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, భవానీ నగర్

జవాబు: వాళ్లను అననీ తమ్ముడూ, నువ్వు టీకి పిలువు.

లాడ్జీలకు, కల్యాణ మండపాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టి బతికేవాణ్ని నేను. బాలాజీ కాలనీలో టీ అంగడి దగ్గర ఒకరోజు నలుగురం నిలబడి ఉంటే, ఒక పిల్లోడు ముఖం వేలాడేసుకొని వచ్చినాడు. లాడ్జి బుకింగ్ ఫారంలో 10వ తేదీ నొక్కితే డేటాబేసులో 9 పడుతోందంట. ఓనరు ఫోన్ మీద ఫోన్. పక్కనున్నాయన టీ గ్లాసు దించకుండానే ‘టూఐఎస్‌ఓస్ట్రింగ్ వాడినావా?’ అన్నాడు. వాడినాడు. కోడులోని ఆ ఫంక్షన్ టైమును యూటీసీలోకి, అంటే ప్రపంచమంతా లెక్కకు పెట్టుకున్న ఒకే టైములోకి, మార్చి ఇస్తుంది. మన టైము దానికన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది. ఈ పిల్లోడి క్యాలెండరేమో నొక్కిన తేదీకి అర్ధరాత్రి పన్నెండు తగిలించేది. మనకు 10వ తేదీ మొదలయ్యే ఆ అర్ధరాత్రి, యూటీసీలో 9వ తేదీ సాయంత్రం ఆరున్నర. టైము తీసేసి తేదీ మాత్రం దాచుకుంటే 9 కాక ఇంకేం పడుతుంది? టీ చల్లారేలోపు పని అయిపోయింది. స్లైడు వేసి చెప్పే సంగతి కాదిది, గదినిండా జనం ఉండగా ఆ పిల్లోడు లేచి అడిగేవాడూ కాదు.

ఇదేం మనం కొత్తగా కనిపెట్టింది కాదు. ఒకప్పుడు ఎన్నో వెబ్‌సైట్ల వెనక నడిచిన భాష పెర్ల్. ఆ ప్రోగ్రామర్లు 1997లో న్యూయార్క్‌లో ‘పెర్ల్ మాంగర్స్’ అని ఒక గ్రూపు మొదలుపెడితే, చాలా ఊళ్లకు పాకింది. లండన్ వాళ్లు టెక్నికల్ మీటింగు వేరు, ఉత్త కలయిక వేరు అని విడగొట్టుకున్నారు. కలయిక నెలలో మొదటి గురువారం, ఏదో ఒక పబ్బులో. మనకు పబ్బు అక్కర్లేదు గానీ, ఆ ‘మొదటి గురువారం’ ఉంది చూడు, అది మాత్రం కావాలి.

‘ఎవరికి ఎప్పుడు వీలు’ అని వాట్సాప్‌లో పోల్ పెట్టొద్దు. పెట్టినావో, వారమంతా తేదీల పంచాయితీయే. రెండో ఆదివారం అనుకుంటే రెండో ఆదివారమే, ఇద్దరే వచ్చినా జరిగినట్టే లెక్క. బ్రహ్మోత్సవాలప్పుడు, మేలో గంగమ్మ జాతరప్పుడు మాత్రం మానుకోండి, బండి కదలదు. బస్టాండు వైపు వద్దు, అక్కడ అరిస్తే గానీ వినపడదు. కొత్తగా వచ్చినవాళ్ల పక్కన పాతవాళ్లు ఒకరు కూర్చోవాలి. మొదటి మాటే ‘ఏ కంపెనీ, ప్యాకేజీ ఎంత’ అని అడిగేవాళ్లుంటారే, వాళ్లను నువ్వే ఆపాలి. ఉద్యోగం వెతుక్కునే పిల్లోళ్లు ఆ ప్రశ్నకు జడిసే మొహం చాటేస్తారు. టీ డబ్బులా? ఎవరివి వాళ్లవి.

ప్రశ్న: మీటప్‌లన్నీ సాయంత్రం ఆరు తర్వాతే పెడుతున్నారు. అప్పటికి నేను హాస్టల్‌లో ఉండాలి. పైగా అక్కడ నేనొక్కదాన్నే అమ్మాయినేమోనని భయం.
– ఎంసీఏ విద్యార్థిని, తిరుపతి

జవాబు: ఇది నీ ఇబ్బంది కాదమ్మా, టైము పెట్టినోళ్ల తెలివితక్కువ. ఆదివారం పొద్దున పదికి పెట్టమని గ్రూపులో అందరి ముందరే అడుగు. పక్కకు పిలిచి చెప్తే మర్చిపోతారు. ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్లను వెంటబెట్టుకొని రా.

అంతకన్నా మంచి దారి ఇంకొకటుంది. 2014లో బెర్లిన్‌లో ‘జాంగో గర్ల్స్’ అని ఒక వర్క్‌షాపు పెట్టినారు. ఎప్పుడూ కోడు రాయని ఆడవాళ్లు పైథాన్ భాషతో, ఆ భాషలో వెబ్‌సైట్లు కట్టే జాంగో అనే టూల్‌తో సొంతంగా ఒక వెబ్‌సైట్ చేసుకోవడం దాని పని. ఫీజు లేదు. ఆ తర్వాత చాలా దేశాల్లో జరిగింది. వాళ్ల పాఠం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఎవరైనా వాడుకోవచ్చు. మీ హెచ్‌వోడీ మేడమ్‌ను అడిగి మీ ల్యాబులోనే ఒక ఆదివారం మొదలుపెట్టండి. చెప్పడానికి మా గ్రూపులోని అమ్మాయిలను పంపిస్తాను. మగపిల్లోళ్లు వస్తామంటే ప్రొజెక్టర్ కేబుళ్లు చూసుకోమను.

ప్రశ్న: గ్రూపంతా కలిసి తిరుమల మెట్లెక్కుదామంటున్నారు. మంచి ఔటింగేనా?
– ఒక పాఠకుడు, రేణిగుంట

జవాబు: భక్తితో ఎక్కేవాళ్లు ఎక్కండి, గ్రూపు ఔటింగ్ అని పేరు పెట్టొద్దు. అలిపిరి దారిలో 3,550 మెట్లు. గాలిగోపురం దాకా మాట్లాడే ఊపిరి ఉండదు, పైకి పోయినాక క్యూలో ఎవరెక్కడో. గ్రూపులో అన్ని మతాలవాళ్లూ ఉంటారు కూడా. చంద్రగిరి కోట దగ్గరే కదా, పొద్దున్నే పోండి. ల్యాప్‌టాప్‌లు ఇంట్లోనే వదిలేసి రమ్మని చెప్పు. మధ్యాహ్నానికి రాగి సంగటి, నాటుకోడి కావాలంటే హోటలువాళ్లకు ముందురోజే ఫోన్ చేసి ఎంతమందో చెప్పండి. శాకాహారులెందరో అది కూడా చెప్పండి, లేకుంటే వాళ్లకు పెరుగన్నమే గతి.